అత్త ముందు అడిగిన మాట

నంద్యాలలో డ్యూటీ దిగి ఆళ్లగడ్డ బస్సెక్కాను. పక్క సీటు పెద్దాయన నా మెడలోని కార్డు చూసి "నర్సమ్మవా?" అన్నాడు. శిరివెళ్లలో బట్టలు కుడతాడట.

"కడుపునొప్పని మూడుతూర్లు ఆస్పత్రికి పోయినామ్మా. పరీక్షలన్నీ బాగుండాయన్నారు. నాలుగోతూరి ఒక నర్సు నా కొడుకుని బయటికి పంపి, తెర లాగి, 'సచ్చిపోవాలనిపిస్తాందా నాయనా?' అని అడిగింది. ఆ పొద్దే నోరు తెరిచినా. ఆయమ్మ అడక్కపోయింటే ఈ పొద్దు ఈడ ఉండను."

నాకు సీట్లో కుదురు లేకుండా పోయింది. మా వార్డులో చేర్చుకునే ఫారంలోనూ ఆ ప్రశ్న ఉంది. పొద్దున, తలనొప్పితో మూడోసారి వచ్చి చేరిన అమ్మాయిని, వాళ్లత్త ముందే, "అట్లాంటి ఆలోచనలేం లేవు కదా?" అన్నాను. ఆమె తల ఊపకముందే 'లేవు' దగ్గర టిక్కు పెట్టాను. అడిగితే లేని ఆలోచన పుట్టిస్తామేమోనని మా అందరికీ భయం.

శిరివెళ్లలో ఆయన దిగాడు. నేనూ దిగాను. ఎదురొచ్చిన బస్సెక్కి వార్డుకు వెనక్కి పోయాను. అత్తను టీ తెమ్మని పంపి, మంచం పక్కన కూర్చుని, ఆ మాట ఉన్నదున్నట్టు అడిగాను.

ఆ పిల్ల అత్త వెళ్లిన తలుపు వైపు చూసింది.

"తెర లాగక్కా," అంది.