గొర్రెల దొడ్డికి దారి

వానకు తడిసిన గొంగడి వాసన ఎక్కడ తగిలినా నాకు సుగుణమ్మ మేడం గుర్తొస్తారు. గృహహింస కేసుల్లో కోర్టు ఇచ్చే రక్షణ ఉత్తర్వులు అమలయ్యేలా చూసే అధికారి ఆవిడ. తెలంగాణ వచ్చిన కొత్తలో, నల్లగొండ జిల్లాలో ఆవిడ దగ్గర నేను ఉద్యోగంలో చేరాను. చదవేస్తే ఉన్న మతి పోయిందంటారే, అచ్చం అలాగే ఉండేదాన్ని.

మర్రిగూడ దగ్గరి పల్లెలో యాదమ్మ అనే ఆమెను మొగుడు మల్లేశు తాగొచ్చి కొట్టేవాడు. ఆమె ఇంటికి అతను రాకూడదని కోర్టు చెప్పింది. మేడం ఆ కాగితాన్ని అతని చేతిలో పెట్టి ఊరుకోలేదు. అతని తల్లి ముందు, అన్న ముందు నిలబెట్టి చదివి వినిపించారు. గడప తొక్కితే ఏడాది దాకా జైలు, లేదా ఇరవై వేల దాకా జుర్మానా, లేదంటే రెండూ పడతాయని అతని నోటితోనే తిరిగి చెప్పించారు.

చిక్కంతా అతను మేపే గొర్రెల దగ్గర వచ్చింది. దొడ్డి ఇంటి వెనకే, దారి వాకిట్లోంచే. వారం తిరక్కుండానే మల్లేశు తడిసిన గొంగడితో ఆఫీసుకొచ్చి నా ముందు ఏడ్చాడు. ఆ రోజు మేడం మీటింగుకు వెళ్లారు. మూగజీవాలేం పాపం చేశాయని నా మనసు కరిగింది. మంద తోలుకుపోవడానికి, మళ్లీ తోలుకురావడానికి మాత్రం అతన్ని రానివ్వమని యాదమ్మకు ఫోన్ చేసి చెప్పాను. రానివ్వాలా అని ఆమె రెండుసార్లు అడిగింది. తర్వాత సరేనంది. నాలుగో రోజు అతను దొడ్డి కర్రతోనే ఆమె ఎడమ చెయ్యి విరగ్గొట్టాడు.

దవాఖానలో యాదమ్మను చూసి వచ్చాక మేడం తిడతారనుకున్నాను. తిట్టలేదు. ఉత్తర్వు మీరినందుకు ఫిర్యాదు నన్నే రాయమన్నారు. రానివ్వమన్నది నేనేనని రాయాల్సిన చోట నా పెన్ను ఆగిపోయింది.

"రాయి బిడ్డా. జాలి పడుడు తప్పు గాదు. గని జాలి నీది, దెబ్బలు ఆమెవి. గదెట్ల న్యాయం?" అన్నారు.

రాశాను. ఆ సాయంత్రమే మేడం మల్లేశు అన్నతో మాట్లాడి మందను అతని దొడ్డికి తోలించారు. ఒక్క ఫోనుతో అయిపోయిన పని. ఆ ఫోను నాకెందుకు తట్టలేదా అని ఇప్పటికీ సిగ్గుపడతాను.

ఆఫీసువాళ్లే రమ్మన్నారని మల్లేశు కోర్టులో వాదించాడు. కోర్టు చెప్పిన మాటను మార్చేది కోర్టేనని జడ్జిగారు మూడు నెలల జైలు వేశారు. అంతకుముందు, ఎందుకు రానిచ్చావమ్మా అని ఆయన అడిగినప్పుడు యాదమ్మ నా వైపు చూసింది.

"చిన్న మేడం మంచిగైతదనే చెప్పింది సారు. ఆమెనేమనకుండ్రి."

వరండాలోకొచ్చి వెక్కివెక్కి ఏడ్చాను. ఎంత తిట్టినా అంత ఏడ్చేదాన్ని కాదేమో.

మేడం పోయి రెండేళ్లయింది. అలాంటి కుర్చీలోనే ఇప్పుడు నేను కూర్చుంటున్నాను. నాకింకా జాలి కలుగుతుంది, అది పోకూడదనే కోరుకుంటాను. కానీ ఎవరు ఏడ్చినా, ముందు ఆ ఇంట్లో ఉండే మనిషిని పిలిచి అడుగుతాను. యాదమ్మ అప్పుడప్పుడు సంతలో కనబడుతుంది. నన్ను చూడగానే దండం పెట్టబోతుంది. ఎడమ చెయ్యి సగం దాకానే లేస్తుంది. నేను గబగబా వెళ్లి ఆ చేతులు కిందికి దించేస్తాను.