మా అత్త పెట్టుకున్న అర్జీ

మా మేనత్త చనిపోయింది. గురువారం పొద్దున మైదుకూరు ఆసుపత్రి నుంచి ఫోన్ వస్తే “సరే” అన్నాను. ఇంకేమనాలో తోచలేదు. గడ్డం సగం గీసుకుని ఉన్నాను, మిగతా సగం కూడా గీసుకుని బయలుదేరాను. ఇది రాసేటప్పటికీ ఏడుపు రాలేదు.

అత్తకు ఒక్కడే కొడుకు, నాకు బావ. ఆరేళ్ల కిందట మా ఊళ్లో పొలం తగాదాలో ఒక మనిషిని నరికితే బావ కళ్లారా చూశాడు. కోర్టులో చెప్తానన్నాడు. సాక్ష్యం చెప్పడానికని కడప బస్సెక్కినవాడు కోర్టుకూ చేరలేదు, ఇంటికీ తిరిగి రాలేదు.

ఇరవై రోజులకు కాలువలో ఒక శవం దొరికింది. ఒంటి మీద గుడ్డ లేదు, అన్నీ కత్తిగాట్లే, ముఖం గుర్తుపట్టేలా లేదు. “నాకు కాళ్లాడవు, నువ్వు పోయి చూసిరా నాయనా” అంది అత్త. మార్చురీలో నేను ముందు చూసింది నడుము. బావకు ఎర్ర మొలతాడు ఉండేది. మా వైపు మగవాడు కొత్తది కట్టుకోకుండా పాతది విప్పడు. ఆ నడుముకు ఏమీ లేదు. “మావాడు కాదు సార్” అన్నాను. ఎంత సంతోషంగా అన్నానో! వచ్చేటప్పుడు బస్టాండులో అత్తకు జిలేబీ కొన్నాను. దగ్గర కూర్చుని తినిపించాను కూడా.

మూడు నెలల తర్వాత పక్కింటాయన లారీ కింద పడి చనిపోతే మళ్లీ అదే మార్చురీకి వెళ్లాను. అక్కడ పనిచేసే ఆయన కత్తెర తీసుకుని ముందుగా ఆ శవం మొలతాడు కోశాడు. “అందరికీ ఇట్లే కోస్తారా?” అన్నాను.

“కోయకుంటే ఎట్లప్పా? కోతకు అడ్డమొస్తాది. కోసి పారేస్తాం.”

అటునుంచి అటే స్టేషన్‌కు పరుగెత్తాను. ఆ శవాన్ని ఎవరూ రాని శవాలతో కలిపి పూడ్చేశారు. ఎక్కడంటే, అట్లాంటి శవాలకిచ్చిన స్థలంలో ఏదో ఒక మూల అన్నారు. డీఎన్‌ఏ కోసం ఏమైనా తీసి పెట్టారా అని అడిగాను. “తీయాలని మాకు ఎవురు చెప్పినారప్పా? కాదని నువ్వే సంతకం పెట్టిపోతివి” అన్నాడు అక్కడి కానిస్టేబుల్. నిజమే, సంతకం నాదే.

ఆ సాయంత్రమే అత్తకు చెప్పాను. ఆమె చెనిక్కాయలు వలుస్తోంది. చేట ఖాళీ అయ్యేదాకా వలుస్తూనే ఉంది.

“జిలేబీ తినిపిస్తివి కదరా నాకు” అంది. నన్ను ఆమె అన్న మాట ఆరేళ్లలో అదొక్కటే. ఇంకో రెండు తిట్టి ఉంటే నాకు బాగుండేది.

తెల్లారి “కాగితం తీసుకో, రాయి” అంది. ఆమె చెప్పింది, నేను రాశాను. మన రాష్ట్రంలో హత్యకు గురైన ప్రతి మనిషి నుంచి, పేరు తెలిసినా తెలియకపోయినా, పూడ్చకముందే కాల్చకముందే డీఎన్‌ఏ నమూనా తీసి భద్రంగా ఉంచేలా చట్టం చేయాలి. ఇంతే అర్జీ. ప్రతి వారం కొత్తగా రాయించి, వేలిముద్ర వేసే ముందు రెండుసార్లు చదివించుకునేది. “నీ అక్షరాలు చీమలు పారినట్లుండాయి, ఆ దొరలకు అర్థమైతాదా?” అని ఎగతాళి చేసేది.

సోమవారం సోమవారం కలెక్టరాఫీసుకు పోయేవాళ్లం. చీరల అంగడి కవర్లో అర్జీ, గుడ్డలో జొన్నరొట్టె, చెనిక్కాయల పొడి. బస్సులో గాలికి కాగితం ఎగిరిపోతుందని కిటికీ పక్కన కూర్చునేది కాదు. ఒకసారి మా ఎమ్మెల్యే దొరికాడు. “చట్టమంటే శానా పనుంటాదమ్మా” అన్నాడు.

“పనుంటాదనే ఈ వారమే మొదలుపెట్టమంటాండా నాయనా.”

“నీ కొడుకు కేసేనా ఇది?”

“నా కొడుకుది అయిపాయ. రేపు ఇంకొకామె కొడుకుంటాడు కదా.”

ఆయన అర్జీ తీసుకున్నాడు. పరిశీలనలో ఉందని జాబు వచ్చింది. ఇప్పటికీ పరిశీలనలోనే ఉంది.

ఒకసారి పెద్దాసుపత్రిలో చెయ్యి చాపి, తన రక్తం తీసి పెట్టుకోమంది. “పోల్చడానికి అవతల ఏమీ లేదు కదమ్మా” అని నర్సమ్మ మెల్లగా చెప్పింది. అత్త చెయ్యి వెనక్కి తీసుకుంది. బయటికొచ్చాక నాతో అంది: “ఎప్పుడో ఒక దినం ఆ తావు తవ్వుతారు. ఆ పొద్దుకు పోల్చడానికి నేనుండాల. నన్ను కాల్చొద్దు, పూడ్చండి.”

మా ఇంట్లో కాల్చడమే ఆనవాయితీ. గురువారం మధ్యాహ్నానికే మా నాయన కట్టెలు తెప్పించాడు. పూడ్చాలని నేనంటే “నీకేమన్నా పిచ్చా? నా చెల్లెలు అనాథా?” అని అరిచాడు. అప్పుడు అర్థమైంది, నేను చేసిన తప్పు అత్త తన సొంత అన్నకు కూడా చెప్పలేదు. అందరికీ ఆ శవం మావాడిది కాదనే తెలుసు. వాకిట్లో చుట్టాలందరూ ఉండగా చెప్పాను. నడుము చూసి కాదన్నానని, అది వాడే అయి ఉండొచ్చని, అత్త ఎముకలన్నా మిగలకపోతే ఇక ఎప్పటికీ తేలదని చెప్పాను.

నాయన నా ముఖం చూడకుండా కట్టెల మీద కూర్చుండిపోయాడు. అక్కడి నుంచే “గుంత తీయండి” అన్నాడు. నాతో ఇంకా మాట్లాడటం లేదు.

నిన్న అత్త సమాధికి బండ రాయించాను. ఆమె పేరు, తేదీ, కింద తల ఎటువైపు పెట్టామో కూడా రాయమన్నాను.

“అదెందుకప్పా? ఎవురూ రాయించరే” అన్నాడు రంగులు వేసే ఆయన.

“తవ్వేవాళ్లకు తెలియాలి.”

ఆయన నన్నొకసారి చూసి, కుంచె ముంచి, నల్లబండ మీద తేదీ కింద దక్షిణం వైపుకు తెల్లటి బాణం గీశాడు.