సత్తెమ్మకు పట్టిన అత్త

నిన్న చార్మినార్ దగ్గర ఒకతను దుకాణం దుకాణానికీ సాంబ్రాణిలాంటి లోబాన్ పొగ వేస్తున్నాడు. ఆ వాసనకు ఒళ్లు జలదరించింది. శాలిబండ దోస్తులారా, గుర్తుందా? చిన్నప్పుడు మన గోడల మీద నీడలా ఒక ముసలి దయ్యం తిరుగుతుందని, పొద్దుగూకితే బయట అడుగుపెట్టేవాళ్లం కాదు. ఆ దయ్యం పుట్టిన రోజు నేను అక్కడే ఉన్నాను.

పక్కింటి సత్తెమ్మను మొగుడు రోజూ బెల్టుతో బాదేవాడు. ఒకరోజు ఆమె జుట్టు విరబోసుకుని ఊగిపోయింది. దయ్యం పట్టిందని భూతవైద్యుణ్ణి పిలిచారు. అతను లోబాన్ పొగలో కూర్చోబెట్టి, వేపమండలతో వీపు చీరుకుపోయేలా కొట్టాడు.

"ఎవరు నువ్వు? పేరు చెప్పు!"

సత్తెమ్మ దిగ్గున లేచి, ఆ మండ గుంజుకుని మొగుడి మొహం రక్తాలు కారేలా కొట్టింది.

"నీ అవ్వను రా! నా కోడలి మీద చెయ్యేస్తే పేగులు తీస్త!"

చచ్చిపోయిన తల్లే వచ్చిందని అతను కాళ్ల మీద పడ్డాడు. మళ్లీ చెయ్యెత్తలేదు.

మర్నాడు నల్లా దగ్గర మా అమ్మ మెల్లగా అడిగింది. "నిజంగ మీ అత్తనేనా, సత్తెమ్మా?"

సత్తెమ్మ బిందె ఎత్తుకుంది. "బతికున్నన్ని దినాలు కొడుకుతోని నన్ను కొట్టిచ్చింది అక్కా. సచ్చినంకనన్న పనికి రానీ."