మీట దించినా ఆగని శోకం

నర్సింహులపేటలో ఎరువుల దుకాణం మీది గదిలో యుగేందర్‌కు రికార్డింగ్ స్టూడియో ఉంది. మెట్లెక్కి వచ్చినవాళ్లను అతను "రా" అన్నది తక్కువ, "చెప్పులు ఆడ్నే ఇడువు" అన్నది ఎక్కువ. బతుకమ్మ పాటకు వచ్చినా, క్రిస్మస్ పాటకు వచ్చినా అందరూ అడిగేది ఒకటే: "అన్నా, జర ఎకో పెంచు." ఆ మాట వింటే చాలు, అతనికి ఒళ్లు మండుతుంది. "గొంతు లేనోనికే ఎకో గావాలె" అని మొహం మీదే అనేస్తాడు. పనిలో వంక దొరకదు కాబట్టి ఆ నోరు చెల్లుతోంది. వంక దొరికినా ఒప్పుకోడనుకోండి. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్లు. భార్య మంజుల ఈ మాట అతని ఎదురుగానే అంటుంది.

అతనికి పని తెచ్చిపెట్టేది లక్ష్మణ్. చుట్టుపక్కల ఊళ్లలో పెళ్లయినా చావయినా మోగేవి లక్ష్మణ్ డీజే డబ్బాలే. వాటిలో మోగని పాట పుట్టనట్టే లెక్క. అందుకే యుగేందర్ లోకాన్నంతా పైకి తిట్టి, లక్ష్మణ్‌ను మాత్రం మనసులో తిట్టుకునేవాడు.

మొన్న ఎండాకాలంలో లక్ష్మణ్ తండ్రి సోమనర్సయ్య పోయాడు. దశదినకర్మకు ఫ్లెక్సీతో పాటు పాట కూడా చేయించడం ఇప్పుడు రివాజయింది. పాట నడుమ డప్పు ఆగి, ఆడబిడ్డ శోకం రావాలి. సోమనర్సయ్య అక్క వెంకటనర్సమ్మ శోకం తీస్తే పగవాడు కూడా కళ్లు తుడుచుకుంటాడు. ఆమెనే పిలిపించారు. హెడ్‌ఫోన్ పెట్టగానే ఆమె మొహం చిట్లించింది.

"నా గొంతు నాకే చెవుల గుద్దితె ఏడుపు రాదు బిడ్డ. దూరం కెళ్లి ఇనబడేటట్టు చెయ్యి."

యుగేందర్ గొణుక్కుంటూనే చేశాడు. సాఫ్ట్‌వేర్‌లో గొంతుకు రెండు దారులుంటాయి. ఒకటి నేరుగా బయటికి, రెండోది ఎకో ట్రాక్‌లోకి. ఆ రెండో దారిని గొంతు హెచ్చుతగ్గులు చేసే మీట కన్నా ముందే చీల్చి పెట్టాడు. అట్లా పెడితే మీట పూర్తిగా దించినా ఎకో ఆగదు. అవ్వకు అదే నచ్చింది. కళ్లు మూసుకుని ఎత్తుకుంది.

"నీళ్లకు నోరు తెరిస్తివా తమ్ముడా... డబ్బాల మోతల నీ కొడుకుకు ఇనబడకపాయెనా తమ్ముడా..."

శోకంలో అన్న మాటను తప్పు పట్టకూడదని ఆ ఊళ్ల కట్టుబాటు. పక్కనే కూర్చున్న లక్ష్మణ్ పట్టాడు.

"తీసెయ్ గామె గొంతు. జనగామ కెళ్లి భావనను పిలిపిస్త, ఆమెతోని పాడియ్యి."

"జరిగిందే అన్న గదరా" అంది వెంకటనర్సమ్మ. "మీ నాయిన మంచంల కొట్టుకుంటుంటె నువ్వు వాకిట్ల డబ్బాలు మోగిస్తుంటివి."

"దినాలకు నా గడప తొక్కినవంటె మంచిగుండది అత్తా."

అందరినీ కరిచే యుగేందర్ అప్పుడు లక్ష్మణ్ చెప్పినట్టే చేశాడు. భావన వచ్చి పాడి వెళ్లింది. అతను వెంకటనర్సమ్మ మీటను అడుగు దాకా దించేశాడు. ట్రాకులు తుడిచేసే అలవాటు అతనికి లేదు. చీల్చిన దారి సంగతి మరిచిపోయాడు. లక్ష్మణ్ మనిషి తలుపు దగ్గర నిలబడి తొందరపెడుతుంటే పల్లవి వరకే విని ఇచ్చేశాడు.

కర్మ రోజున టెంటు కింద భోజనాల బంతులు సాగుతున్నాయి. పాటలో డప్పు ఆగింది. భావన గొంతు వెనక, ఎక్కడో బాయికాడ నుంచి వచ్చినట్టు వెంకటనర్సమ్మ ఏడుపు వినిపించింది. గడప తొక్కనివ్వని అక్క లక్ష్మణ్ డబ్బాల్లోంచే తమ్ముడికి నీళ్లడిగింది. తింటున్న చేతులు ఆగిపోయాయి.

లక్ష్మణ్ బంతిలోంచి యుగేందర్‌ను లేపి మైకు చేతికిచ్చాడు. "పొరపాటున వచ్చిందని చెప్పు. ముసల్దానికి మతి లేదని గుడ చెప్పు. చెప్పకుంటె రేపటి సంది నా డబ్బాలల్ల నీ పాట మోగది."

పొరపాటన్నది నిజమే. ఆ ఒక్క మాట చాలు, స్టూడియో నిలబడుతుంది. కానీ అంత మంది ముందు తన పనిలో వంక ఒప్పుకోవడం యుగేందర్ వల్ల కాలేదు.

"పొరపాటు గాదు. కావాలనే పెట్టిన."

లక్ష్మణ్ చేతిలో అతని చెంప పగిలింది. ఆ రోజు నుంచి డబ్బాల్లో అతని పాట లేదు. స్టూడియోకు వచ్చేవాళ్లూ లేరు. "ఒక్క మాట అంటె ఏం పోతుండె?" అని మంజుల అడగడం మానలేదు. చాయ్ హోటల్లో మాత్రం జనం అతన్ని మొగోడంటున్నారు. అది విన్నప్పుడల్లా అతనికి మరింత మండుతోంది.

ఒక పొద్దున వెంకటనర్సమ్మ పచ్చి మామిడికాయల సంచితో మెట్లెక్కింది.

"అందరు నన్ను బయట వెట్టిరి. నా ఏడుపును తీసెయ్యనోడివి నువ్వొక్కడివే కొడుకా" అని అతని చెయ్యి పట్టుకుంది.

యుగేందర్ చూపు కంప్యూటర్ వైపు పోయింది. తెర మీద ఆ పాటే తెరిచి ఉంది. ఆమె పేరున్న మీట అడుగునే ఉంది. దాన్ని దించిన చెయ్యే ఇప్పుడు ఆమె చేతిలో ఉంది. ఆమెకు చదువు రాదని తెలిసి కూడా తెరకు అడ్డంగా నిలబడ్డాడు.

"పో అవ్వ, పో. నాకు పనున్నది."

ఆమె దీవిస్తూ మెట్లు దిగింది. ఆ రోజు అతనికి పనేమీ లేదు.