ఉద్యోగాల వంశావళి

ఒమాన్‌లోని రుసైల్‌లో మా కంపెనీ గోడౌన్‌లో ఫోర్క్‌లిఫ్ట్ నడిపే సోమాలీ ఆయనకు నేను మూడు వారాలు ఇంగ్లీషు నేర్పాను. నేర్పాననుకున్నాను అంటే సరిగ్గా ఉంటుంది.

నేను అక్కడ మెయింటెనెన్స్ ఇంజినీరుని. నాకు ఇరవై ఏడు, ఆయనకు నలభై ఆరు. నన్ను ముహందిస్ అని పిలిచేవాడు, అరబ్బీలో ఇంజినీరని అర్థం. నేను మన అలవాటు కొద్దీ అన్నా అనేవాణ్ణి. ఆ మాటకు అర్థం అడిగి తెలుసుకుని, తనకు ఇప్పటికే ఆరుగురు తమ్ముళ్లున్నారని, అయినా ఇంకొకడికి చోటుందని ఒప్పుకున్నాడు. మేం మాట్లాడుకునేది సగం అరబ్బీ, సగం హిందీ కలిసిన గోడౌన్ భాష.

ఆ నెల గోడౌన్ సూపర్‌వైజర్ పోస్టు ఖాళీ అయింది. ఏ సరుకు ఏ ర్యాకులో ఉందో కంప్యూటర్ కంటే ముందు చెప్పే మనిషి ఆయన. కానీ ఇంటర్వ్యూ ఇంగ్లీషులో. రెండేళ్ల కిందట ఇదే పోస్టుకు వెళ్లి, నోరు మెదపకుండా తిరిగొచ్చాడు. ఈసారి అంత తేలిగ్గా తిరిగి రావడానికి లేదు. రోజంతా ఆ సీటులో కుదుపులకు నడుము దెబ్బతింది, డాక్టరు ఫోర్క్‌లిఫ్ట్ మానెయ్యమన్నాడు. సూపర్‌వైజర్ కావాలి, లేదంటే ఇంటికి టికెట్ కొనుక్కోవాలి.

లిస్టు లేకుండా నాకు పని మొదలవదు. నియామకం, హాజరు, భద్రత, బాధ్యతలు అని నాలుగు భాగాలు చేసి, నూట పన్నెండు ఇంగ్లీషు మాటలు ఎక్సెల్‌లోకి ఎక్కించాను. ఒక్కో భాగానికి ఒక్కో రంగు. మా రూమ్‌లో కడపతను అది చూసి, "ఏందప్పా, ఇది ఇంగ్లీషా, స్పేర్ పార్టుల స్టాకా?" అన్నాడు.

వారం తిరిగేసరికి ఆయన నూట పన్నెండూ తడుముకోకుండా అప్పజెప్పాడు. గర్వపడ్డాను. ఊరికే మధ్యలోంచి ఓవర్‌టైమ్ అంటే ఏమిటని అడిగాను. మొదటి మాట నుంచి గొణుక్కుంటూ వచ్చి, దాన్ని చేరుకున్నాక అర్థం చెప్పాడు. సూపర్‌వైజర్‌కి అంత తీరిక దొరుకుతుందా అని నాకు సందేహం వచ్చింది.

లిస్టు పక్కన పెట్టి, క్యాంటీన్‌లో ఉత్తుత్తి ఇంటర్వ్యూ పెట్టాను. మీ గురించి చెప్పండి అని ఇంగ్లీషులో అడిగాను. ఆయన నిటారుగా కూర్చుని తన పేరు చెప్పాడు. తర్వాత తండ్రి పేరు, ఆయన తండ్రి పేరు, ఆయన తండ్రి పేరు. నేను వేళ్ల మీద లెక్కపెడుతున్నాను. పద్నాలుగో పేరు దగ్గర టీ చల్లారిపోయింది, ఆపమన్నాను.

నా గురించే కదా అడిగావు అని ఆయన తెల్లబోయాడు. వాళ్ల దగ్గర బడికి పోయే ముందే పిల్లలకు తాతల పేర్లు నేర్పుతారట, ఎవరు నువ్వంటే జవాబు అదేనట. నీకెన్ని వచ్చునని అడిగాడు. ముత్తాత దాకా అన్నాను, అదీ కొంచెం అనుమానంగానే.

"పాపం, ముహందిస్" అన్నాడు.

మర్నాడు ఆయనకు రెజ్యూమె రాస్తుంటే తట్టింది. అదీ ఇవాళ్టి ఉద్యోగంతో మొదలై వెనక్కే పోతుంది. వెళ్లి, ఉద్యోగాలకూ తాతలుంటారని చెప్పాను. ఫోర్క్‌లిఫ్ట్ ఆపరేటర్‌కి తండ్రి ఇక్కడే రుస్తాఖ్‌లో సిమెంటు షాపు హెల్పర్, ఆ హెల్పర్‌కి తండ్రి వాళ్ల దేశంలోని బెర్బెరా రేవులో లోడర్. ఆయన ముఖం వెలిగిపోయింది. ఒక్కో తాత దగ్గర ఆగి, అక్కడ ఏం నేర్చుకున్నాడో, ఎవరికి రిపోర్ట్ చేశాడో, ఎందుకు మానేశాడో చెప్పడం మొదలెట్టాడు. ఎక్స్‌పీరియన్స్, ప్రమోషన్, రెస్పాన్సిబిలిటీ అన్నీ ఎవరిళ్లలో వాళ్లు కూర్చున్నట్టు కూర్చున్నాయి. నేను ఒక్కటే షరతు పెట్టాను: లోడర్ దగ్గర ఆగిపోవాలి, అసలు నాన్నగారు ఇంటర్వ్యూలోకి రాకూడదు.

ఇంటర్వ్యూ రోజు, లోపలి మాటలు వినబడేలా హెచ్ఆర్ క్యాబిన్ బయట శుభ్రంగా పనిచేస్తున్న ఏసీని విప్పి కూర్చున్నాను. లోపల హెచ్ఆర్ మేడమ్ అదే ప్రశ్న అడిగింది. ఆయన ఆపరేటర్ నుంచి హెల్పర్‌కి, హెల్పర్ నుంచి లోడర్‌కి చక్కగా దిగాడు. అక్కడ ఆగలేదు. మై ఫాదర్ అన్నాడు. నేను ఏసీ వదిలేసి చెవి గోడకానించాను.

ఆ తండ్రి అదే రేవులో ఓడెక్కే మేకల్ని లెక్కపెట్టేవాడట. కాగితం లేకుండా ఎలా అని మేడమ్ అడిగింది. ఇంగ్లీషు అయిపోయిన చోట ఆయన చేతులతో చెప్పాడు. ఓడకు వేసిన చెక్కబల్ల మీద రెండేసి మేకలు నడుస్తాయి. ప్రతి ఇరవై దాటగానే తండ్రి జేబులో ఒక గులకరాయి. ఓడ మీద ఇంకొకాయన కూడా అలాగే. చివర ఇద్దరూ జేబులు బోర్లించి చూసుకోవాలి, తేడా వస్తే ఓడ కదలదు. మరి మన గోడౌన్‌లో ఏం చేస్తారని ఆమె అడిగింది. ఇక్కడ లారీ దగ్గర ఒక్కడే లెక్కపెడుతున్నాడని, ర్యాకు దగ్గర రెండోవాడు కావాలని చెప్పాడు. మేడమ్ చాలాసేపు రాసుకుంది.

బయటికొచ్చి, ఏసీ బాగైందా అని నన్నడిగాడు. నాన్నగారిని ఎందుకు తీసుకెళ్లారని కోప్పడ్డాను.

"తండ్రి లేకుండా లోడర్ ఎక్కణ్ణుంచి పుడతాడు?" అన్నాడు.

నాలుగు రోజులకు లెటర్ వచ్చింది. సూపర్‌వైజర్ అన్న మాట మీద వేలుపెట్టి నాకు చూపించాడు. మిగతాదంతా తనే చదువుకున్నాడు, ప్రొబేషన్ దగ్గర మాత్రం ఆగాడు. మూడు నెలలు వాళ్లు మిమ్మల్ని గమనిస్తారు, నచ్చితే ఉద్యోగం ఖాయం చేస్తారని చెప్పాను. ఆయన లెటర్ మడిచి జేబులో పెట్టుకున్నాడు.

"మంచిదే. నేనూ వాళ్లని మూడు నెలలు చూస్తాను."