వంగనన్న మోకాలు

నర్సింగ్‌ని మా ఫామ్‌లో అందరూ మూగోడనుకునేవాళ్లు. మనుషులతో మాట్లాడటం దండగని అతని లెక్క. ఎద్దుతో మాత్రం తెల్లారింది మొదలు ఏదో ఒకటి వాగుతూనే ఉండేవాడు. మెట్‌పల్లి నుంచి బిల్డింగ్ పనికని మస్కట్ వచ్చి, కంపెనీ మూతబడితే బర్కాలో మా అర్బాబ్, అంటే యజమాని, ఫహద్ దగ్గర ఎద్దుల కాపలాకి కుదిరాడు. నేను కడప ఖమరుద్దీన్ని. అదే ఫామ్‌లో పికప్ నడుపుతాను.

అతను పెంచే నల్ల ఎద్దు పేరు రాద్. అరబ్బీలో ఉరుమని అర్థం. బర్కాలో ఎద్దుల పోటీలు జరుగుతాయి. రెండు ఎద్దులు తలలు ఆనించి కుమ్ముకుంటుంటే, వెనక తాళ్లు పట్టుకుని మనుషులు కాచుకునుంటారు. పాలు, ఖర్జూరాలు, ఎండుచేపలు తిని పెరిగిన రాద్ ముందు ఏ ఎద్దూ నిలిచేది కాదు. పోయిన చలికాలం దాని చేతిలో ఓడిన ఎద్దొకటి వెనక్కి తిరిగి పరిగెత్తుతూ, తాడు పట్టుకున్న నర్సింగ్‌ని ఇనప కంచెకేసి కొట్టింది. మోకాలు పక్కకి తిరిగిపోవడం కళ్లారా చూశాను.

బౌషర్ ఆసుపత్రిలో ఆపరేషన్ చేసి, లోపల మరలు బిగించి పంపారు. రూమ్‌లో మా వాళ్ల ప్రేమ కట్టలు తెంచుకుంది. మోకాలి కింద దిండు పెట్టి, కాలు కదపనివ్వకుండా పడుకోబెట్టి, పాయా చారు తాగించారు. కుట్లు మానాయి గానీ, కాలు దిండు మీద ఎలా ఉందో అలాగే బిగుసుకుపోయింది.

ఆసుపత్రిలో ఫిజియోథెరపీ చేసే హుమా మా కడప పిల్లే. దిండు సంగతి విని నన్ను కడిగి పారేసింది. "సేవ చేసినారా భాయ్, పగ తీర్చుకున్నారా?"

నర్సింగ్‌ని బల్ల మీద బోర్లా పడుకోబెట్టి, మడమ పట్టుకుని వెనక్కి వంచేది. లోపల అతుక్కుపోయినదంతా తెగుతుంటే అతను బల్లని గుద్దేవాడు, ఆమె ఏడు తరాల్నీ తిట్టేవాడు, నోట్లో పెట్టుకున్న టవల్ కొరికి చింపేవాడు. ఒకరోజు నొప్పికి ఓర్చుకోలేక మంచి కాలితో తన్నాడు. హుమా వెళ్లి గోడకి కొట్టుకుంది. పెదవి చిట్లింది. నేను లేచి అతని కాలర్ పట్టుకున్నాను. అక్కడే చంపేద్దామన్నంత కోపం వచ్చింది. ఆమె నన్ను పక్కకి నెట్టి, నెత్తురు తుడుచుకుని మళ్లీ బల్ల దగ్గరికొచ్చింది.

"తిట్టు, కొట్టు, ఏమన్నా చేసుకో అన్నా. కాలు మాత్రం ఇట్లా ఇయ్యి."

నర్సింగ్ ఏడ్చాడు. "తప్పయింది చెల్లె. వంచు. ఇరిగితె ఇరగనియ్."

అతని తొందరకి కారణముంది. అతను మంచాన పడ్డాక ఎద్దుని ఫామ్‌లోనే పనిచేసే అంకయ్యకి అప్పగించారు. అంకయ్యకి ఎద్దంటే భయం. ఆ భయంతోనే దగ్గరికి పోయిన ప్రతిసారీ కర్రతో బాదేవాడు. చివరికి రాద్ ఎవరు కనబడినా కుమ్మడం మొదలుపెట్టింది. అంకయ్యనే ఎత్తి కుదేసింది. ఫహద్ విసిగిపోయి, "బక్రీద్ లోపల నర్సింగ్ వచ్చి పట్టుకుంటే సరే, లేదంటే కసాయికి" అన్నాడు. ఆ మాట నర్సింగ్‌కి మోసుకొచ్చింది నేనే. అప్పట్నుంచి రూమ్‌లో కూడా పళ్లు బిగబట్టి తన కాలు తనే వంచుకునేవాడు.

బక్రీద్ ముందు రోజు అతన్ని ఫామ్‌కి తీసుకెళ్లాను. కసాయి ట్రక్కు అప్పటికే వచ్చి ఉంది. నర్సింగ్ దాన్ని చూడనట్టే చేతికర్ర ఆన్చుకుంటూ దొడ్లోకి నడిచాడు. ఎద్దు వీపంతా దెబ్బలు తేలి ఉంది.

"రారా కొడుకా," అన్నాడు.

అది తల వంచి దూసుకొచ్చింది. నేను కేక పెట్టాను. నర్సింగ్ పక్కకి జరగలేదు. ఎద్దు చూపు తన మొహం మీద లేదని, కర్ర మీదుందని అతనికి తెలిసిపోయింది. కర్ర దూరంగా విసిరేశాడు. ఎద్దు అటు మళ్లి దాన్ని ఎగజిమ్మి, తొక్కి, ముక్కలు చేసింది.

కర్ర లేకుండా అడుగు వెయ్యొద్దని హుమా మరీ మరీ చెప్పింది. నర్సింగ్ వేశాడు. ఒక్కో అడుగుకీ మొహం వంకర పోతోంది. వెళ్లి మూపురం మీద చెయ్యి వేశాడు. వణుకుతున్న ఎద్దు అతని చంకలో మూతి దూర్చి నిలబడిపోయింది. నేను ఏడ్చేశాను. చెప్పుకోడానికి నాకు సిగ్గు లేదు.

ఫహద్ చప్పట్లు కొట్టాడు. "శాబాష్! ఇప్పుడు ట్రక్కెక్కించు."

"పట్టుకుంటె ఉంచుతనంటివి గద అర్బాబ్?" అన్నాడు నర్సింగ్, వచ్చీరాని హిందీలో.

"మనుషుల్ని పొడిచే ఎద్దు ఎవడిక్కావాలి? నువ్వైతేనే ఎక్కుతుందని పిలిపించాను."

నాకు ఒళ్లు మండిపోయింది. ఆ పిల్ల పెదవి చిట్లించుకుని కాలు వంచింది ఇందుకా! నర్సింగ్ ట్రక్కు వెనక వాలుగా దించిన పలక వైపు చూశాడు. మోకాలు పట్టుకున్నాడు.

"నాతోని కాదు అర్బాబ్. మోకాలు వంగుతలేదు."

"ఇప్పుడే నడిచావు కదరా!"

"నడుస్తది. వంగది."

ఫహద్ నోటికొచ్చినట్టు తిట్టాడు. నర్సింగ్ తలుపు దాటి బయటికొచ్చి నిలబడ్డాడు. కసాయి మనుషులు తాళ్లతో దిగారు. రాద్ ఒకణ్ణి కంచె మీదికి విసిరేసింది. ఇంకొకడి చెయ్యి విరిగి వేలాడింది. గాయపడ్డవాళ్లని ఎక్కించుకుని ట్రక్కు వెళ్లిపోయింది. "రేపు నిన్ను ఎక్కిస్తా ఫ్లైటు," అని నర్సింగ్ మొహాన వేలు ఆడించి ఫహద్ కూడా వెళ్లాడు.

నర్సింగ్ మళ్లీ దొడ్లోకి పోయాడు. ఎద్దు ముందు గొంతుకూర్చుని, దోసిట్లో ఖర్జూరాలు పెట్టాడు. కాలు పూర్తిగా వంగి ఉంది. నొప్పి లేదా అని అడిగాను.

"పాణం పోతున్నది," అన్నాడు. "హుమా చెల్లెకు చెప్పు, వంగిందని. ఇంకెవ్వలకు చెప్పకు కమర్ భాయ్."