కుప్పం పరీక్షలకు అత్తగారి కాపలా

తొంభైల చివర్లో మదనపల్లె కాలేజీలో మా కామర్సు శాఖ హెడ్ రిటైరయ్యాడు. అకౌంటెన్సీ చెప్పడం నాకది పదకొండో ఏడు, సీనియారిటీలో తర్వాత నేనే. ప్రిన్సిపాల్ నన్ను గదిలోకి పిలిచి, కూర్చోబెట్టి, కాఫీ తెప్పించాడు. అప్పుడే అనుమానం వచ్చింది.

“హెడ్ అంటే పరీక్షల డ్యూటీకి కుప్పం దాకా తిరగల్లమ్మా. సంసారం ఉండే ఆడమనిషివి, నీకు యాల ఈ అవస్థ?” అన్నాడు.

ఆ పదవి నా జూనియర్‌కు ఇవ్వాలని ఆయన ఆలోచన. ఆ అబ్బాయికి డెబిట్, క్రెడిట్ నేర్పింది నేనే.

ఈసారి కుప్పం నేనే వెళ్తానన్నాను. ఇంట్లో అడిగి రమ్మన్నాడు. నాకప్పుడు ముప్పై ఎనిమిదేళ్లు.

మా ఇల్లు పుంగనూరులో. మా ఆయనకు అభ్యంతరం లేదట, వాళ్లమ్మ ఒప్పుకుంటే. ఆమెకూ లేదట, తాను వెంట వస్తే. అలా నాలుగు రోజుల డ్యూటీకి అత్తగారితో కలిసి బస్సెక్కాను.

కుప్పంలో పరీక్ష హాలు బయట వరండాలో ఆమెకు కుర్చీ వేయించాను. పెళ్లికి ముందు తంబళ్లపల్లె దగ్గర గొర్రెల మందను కాసిన మనిషి, ఎక్కడ కూర్చున్నా చూపు ఊరుకోదు. అరగంటకే కిటికీలోంచి నన్ను పిలిచింది.

“మూడో బెంచీ పిల్లోడు సొక్కా చేతిలోకే సూస్తాండాడు. దద్దుర్లేమన్నా లేసినాయేమో సూడమ్మా.”

వెళ్లి చూస్తే ఆ చేతిలో భాగస్వామ్య ఖాతాల పాఠమంతా ఉంది.

మధ్యాహ్నానికి నలుగురు దొరికారు. అక్కడి ప్రిన్సిపాల్ ఆమెను పైనుంచి వచ్చిన స్క్వాడ్ అనుకుని, ముందు ఆమెకు టీ ఇప్పించి తర్వాత నాకిప్పించాడు. ఆమె కాదనలేదు. మర్నాడు కుర్రాళ్లందరూ పొట్టి చేతుల చొక్కాలతో వచ్చారు.

తిరిగొచ్చేసరికి మదనపల్లెలో జూనియర్ పేరిట ఆర్డరు టైపై ఉంది. ఇంటికెళ్లి అత్తగారికి చెప్పాను.

“వానికి సదువు సెప్పింది నువ్వే గదా. మరి నీకు వాడెట్ల పెద్దోడయ్యె?”

మర్నాడు నాతోపాటు కాలేజీకి వచ్చి అదే మాట ప్రిన్సిపాల్‌ను అడిగింది. తలుపు బయట నిలబడ్డ నాకు సిగ్గేసింది కానీ, లోపలికి వెళ్లి ఆమెను ఆపాలని మాత్రం అనిపించలేదు.

వారం తిరక్కుండా ఆర్డరు మారింది. తగిన వ్యక్తి దొరికేవరకు నన్ను తాత్కాలికంగా హెడ్‌ను చేస్తున్నట్టు అందులో రాశారు. ఎనిమిదేళ్లయినా వాళ్లకు ఆ వ్యక్తి దొరకలేదు.